తీగ లేని డ్రిల్లు మిషన్లు – ఏ గోడకు ఏది?



ఈ నెల మన గోడపత్రికలో విజ్ఞాన శీర్షిక రాసే వంతు నాకు వచ్చింది. అందరూ గ్రహాల గురించి, డైనోసార్ల గురించి రాస్తారు. అవి మనం ఎప్పుడూ చేత్తో పట్టుకోం. నేను మన కళ్ల ముందర తిరిగే వస్తువు గురించి రాస్తాను. అదే డ్రిల్లు మిషను. అందులోనూ కరెంటు తీగ లేకుండా బ్యాటరీతో నడిచేది. చూడడానికి తుపాకి మాదిరి ఉంటుంది. అన్నీ ఒకే మాదిరి కనిపిస్తాయి కానీ వాటిలో అయిదారు రకాలు ఉన్నాయి. ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. ఈ సంగతి తెలియక మా కాకా ఎట్ల నష్టపోయినాడో చెప్పి తర్వాత పాఠంలోకి పోతాను. (మా తండాలో నాయన తమ్ముణ్ణి కాకా అంటాం.)

మా తండా ఆదోని దగ్గర. వానలు సరిగా పడకపోతే మా దిక్కు జనం సుగ్గికి పోతారని మీకందరికీ తెలుసు. కొందరు గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి, కొందరు బెంగళూరుకు బిల్డింగు పనులకు పోతారు. కాకా, కాకీ ఇద్దరూ రెండు సుగ్గులు మిరపకాయలు కోసి కూడబెట్టిన డబ్బుతో ఆదోనిలో ఒక అంగట్లో డ్రిల్లు మిషను కొన్నారు. ఇంటింటికీ పోయి స్విచ్చి బోర్డులు, వైరు క్లిప్పులు బిగించే పని పెట్టుకుంటే మళ్లీ పిల్లలను వదిలి సుగ్గికి పోయే అవసరం ఉండదని వాళ్ల ఆశ. అంగడాయన "ఇది ఇంపాక్టు, గోడకైనా కొడతాది" అన్నాడంట. డబ్బా మీద కూడా ఇంపాక్ట్ అనే ఉంది. ఇంటికి తెచ్చి మా రాతి గోడకు పెడితే గిర్రున తిరిగింది, టకటకా అని చెవులు చిల్లులు పడేటట్ల అరిచింది, గోడకు మాత్రం బొట్టు పెట్టినంత గుంట కూడా పడలేదు. బిట్టు మొన నల్లగా మాడింది. వెనక్కి తీసుకుపోతే, డబ్బా విప్పినారు కాబట్టి వాపసు తీసుకునేది లేదన్నారు.

ఇంట్లో ఎవరికీ చదువు రాదు. దసరా సెలవులకు పోయినప్పుడు ఆ డబ్బా మీద అక్షరాలు, బొమ్మలు అన్నీ నేను చదివినాను. మా అన్న బెంగళూరులో ఫాల్స్ సీలింగు పని చేస్తాడు, ఆయన్ను ఫోనులో అడిగినాను. ఎమ్మిగనూరులో మగ్గాలు, తలుపులు చేసే ఒక వడ్రంగి తాతను అడిగినాను. వాళ్లు చెప్పినదాన్ని మన తొమ్మిదో తరగతి ఫిజిక్సు పాఠాలతో పోల్చి చూసుకుని ఇది రాస్తున్నాను.

ఎప్పటి నుండి ఉన్నాయి?

బెజ్జం వేయడం మనిషికి చాలా పాత విద్య. ఇప్పటి పాకిస్తాన్‌లో మెహర్‌గఢ్ అనే చోట సుమారు 9,000 నుండి 7,500 ఏళ్ల కిందటి మనుషుల పళ్లకు చెకుముకి రాతి మొనతో వేసిన బెజ్జాలు కనిపించినాయి. ఈ సంగతి 2006లో లోకానికి తెలిసింది. మత్తుసూది లేని రోజుల్లో పంటికి బెజ్జం! తలుచుకుంటేనే నా దవడ నొచ్చింది.

మన వడ్రంగులు చేతి బరమా వాడేవాళ్లు. విల్లులాంటి కర్రకు తాడు కట్టి, ఆ తాడును బరమాకు ఒక చుట్టు చుట్టి ముందుకూ వెనక్కూ లాగితే అది తిరుగుతుంది. కరెంటుతో తిరిగే డ్రిల్లును 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్నాట్, బ్రెయిన్ అనే ఇద్దరు చేసినారు. 1895లో జర్మనీలో ఫైన్ అనే కంపెనీ చేత్తో పట్టుకుని పని చేసే కరెంటు డ్రిల్లు తయారు చేసింది. దానికి తుపాకి పిడి, వేలితో నొక్కే మీట పెట్టింది మాత్రం అమెరికాలోని బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ. దానికి 1917లో పేటెంటు వచ్చింది. ఇప్పటికీ మనం చూసేది ఆ ఆకారాన్నే. 1961లో అదే కంపెనీ తీగ లేని డ్రిల్లును తెచ్చింది.

తీగ లేని డ్రిల్లును చంద్రుని కోసం నాసా కనిపెట్టిందని కొందరు చెబుతారు. అది సరికాదు. మనిషి చంద్రుని మీద దిగింది 1969లో, తీగ లేని డ్రిల్లు అంతకు ముందే వచ్చేసింది. అయితే చంద్రుని మీదికి బ్యాటరీ డ్రిల్లు పోయిన మాట నిజం. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ అనే ఆయన దానితో చంద్రుని నేలకు బెజ్జం వేసినాడు. అనుకున్నంత లోతు దిగలేదు, చాలా అవస్థ పడినాడు. అంతరిక్షంలోకి పోయినోళ్లకే నేల మొండికేసింది, మా కాకా గోడ ఎంత!

తిరగలి, రోకలి, పానా

ఇప్పుడు అసలు పాఠం. డ్రిల్లు మిషను లోపల జరిగేవి మూడే పనులు. ఇవి అర్థమైతే రకాలన్నీ అర్థమైనట్లే.

మొదటిది తిరగడం. తిరగలి మాదిరి. తిరగలి పిడి నడిమధ్యలో కాకుండా అంచున ఎందుకు ఉంటుంది? అంచున పట్టుకుంటే తక్కువ బలంతో తిప్పవచ్చు. ఈ తిప్పే బలాన్ని టార్క్ అంటారు. మనం పెట్టే బలాన్ని, నడిమి నుండి పిడికి ఉండే దూరంతో గుణిస్తే టార్క్ వస్తుంది. మిషన్ల మీద దీన్ని న్యూటన్ మీటర్లలో రాస్తారు.

రెండోది తిరుగుతూ ముందుకు పొడవడం. రోకలి మాదిరి. రోట్లో వడ్లు పోసి రోకలిని ఊరికే అదిమి పెడితే పొట్టు ఊడదు కదా, దెబ్బ వేయాలి. రాయి కూడా అంతే. దానిని రుద్దితే అరగదు. పొడిస్తే పొడి రాలుతుంది, తిరగడం వల్ల ఆ పొడి బయటికి వస్తుంది.

మూడోది తిరిగే దిక్కుకే పక్క నుండి దెబ్బ వేయడం. లారీ షెడ్డులో నట్టు బిగుసుకుపోతే మెకానిక్కులు ఏం చేస్తారు? పానా పెట్టి, ఆ పానా కొస మీద సుత్తితో కొడతారు. నట్టు కదులుతుంది. ఇక్కడ దెబ్బ నట్టును తిప్పడానికే గాని లోపలికి పొడవడానికి కాదు.

కాకా కొన్నది ఈ మూడో రకం. ఆయనకు కావలసింది రెండో రకం. రెండూ దెబ్బ వేసేవే, కానీ దెబ్బ పడే దిక్కు వేరు. అంతే తేడా. ఆ తేడాకు రెండు సుగ్గుల డబ్బు పోయింది.

డ్రిల్ డ్రైవర్

ఇది అందరికంటే ముందు నేర్చుకోవాల్సిన మిషను. దీనిలో ఉన్నది తిరగలి పని ఒక్కటే. చెక్కకు, ప్లాస్టిక్కుకు, సన్నని ఇనుముకు బెజ్జం వేస్తుంది, స్క్రూలు బిగిస్తుంది, విప్పుతుంది. ముందర బిట్టును పట్టుకునే మూడు పళ్ల మూతిని చక్ అంటారు.

పైన ఒక జరిపే మీట ఉంటుంది, దాని మీద 1, 2 అని ఉంటాయి. ఇవి గేర్లు. ఒకటో గేరులో నిమిషానికి సుమారు 400, 500 చుట్లు తిరుగుతుంది, బలం ఎక్కువ. రెండో గేరులో 1,500 చుట్ల దాకా తిరుగుతుంది, బలం తక్కువ. మన బస్సు ఆదోని కొండ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు డ్రైవరన్న గేరు తగ్గిస్తాడు కదా, అదే లెక్క. స్క్రూకు ఒకటి, సన్న బెజ్జానికి రెండు.

చక్ వెనకాల ఒక ఉంగరం ఉంటుంది. దాని మీద 1 నుండి 20 దాకా అంకెలు, చివరన బిట్టు బొమ్మ. ఇది క్లచ్చు. చిన్న అంకె పెడితే కొంచెం బిగుసుకోగానే 'కర్‌ర్' అని జారిపోతుంది, ఇక తిప్పదు. అందువల్ల స్క్రూ చెక్కలోకి మరీ మునిగిపోదు, స్టార్ గుర్తు అరిగిపోదు. నేను మా ఇంట్లో చెక్క అలమరకు మడతబందు బిగించినప్పుడు 5 దగ్గర పెట్టి మొదలుపెట్టినాను, చాలకపోతే 7, తర్వాత 9. ఎప్పుడూ చిన్న అంకె నుండి పైకి పోవాలి. మా యాడి (అమ్మ) "ఆడపిల్లకు ఆ మిషనెందుకే" అని అంటానే ఉంది, బిగించినాక తలుపును నాలుగు సార్లు తెరిచి మూసి చూసింది.

వడ్రంగి తాత ఒక మాట చెప్పినాడు. ఎమ్మిగనూరు నేత పనికి పేరు పడిన ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టినారు. మగ్గం చెక్క ఏండ్ల తరబడి ఎండి గట్టిపడి ఉంటుంది. దానికి నేరుగా స్క్రూ తోస్తే నిలువునా చీలుతుంది. ముందు స్క్రూ కంటే సన్నని బిట్టుతో దారి బెజ్జం వేయాలి, తర్వాతే స్క్రూ. మా యాడి అద్దాల రవిక కుట్టేటప్పుడు మందం గుడ్డకు ముందు లావు సూదితో దారి చేసి తర్వాత దారం లాగుతుంది. పని వేరు, తెలివి ఒకటే.

దీని చిన్న తమ్ముడు బ్యాటరీ స్క్రూడ్రైవర్. 3.6 వోల్టులది, ఒకే సెల్లుతో నడుస్తుంది. స్విచ్చి బోర్డుల స్క్రూలకు, మన కుట్టు మిషను స్క్రూలకు చాలు. దానితో గోడ జోలికి పోవద్దు.

హ్యామర్ డ్రిల్లు, రోటరీ హ్యామర్

ఈ రెండూ రోకలి పని చేసేవే. కానీ ఒకటి గోరింటాకు నూరే చిన్న బండ, ఇంకొకటి నిజం రోకలి.

హ్యామర్ డ్రిల్లు చూడడానికి డ్రిల్ డ్రైవర్ మాదిరే ఉంటుంది, ఉంగరం మీద సుత్తి బొమ్మ ఒకటి ఎక్కువ ఉంటుంది. లోపల పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ ఎగిరెగిరి పడతాయి. రెండు అప్పడాల పీటలకు గాట్లు పెట్టి ఒకదాని మీద ఒకటి తిప్పితే ఎట్లుంటుందో అట్ల. నిమిషానికి 20,000 కంటే ఎక్కువ దెబ్బలు పడతాయి, కానీ ఒక్కొక్క దెబ్బ చాలా చిన్నది. మనం చేత్తో గట్టిగా తోయాలి. ఇటుక గోడకు, సిమెంటు పూతకు ఇది సరిపోతుంది.

రోటరీ హ్యామర్ వేరు. దాని లోపల పిస్టను ఉంటుంది. పిస్టను గాలిని నొక్కితే ఆ గాలి ఒక ఇనప గుండును ముందుకు తోస్తుంది, ఆ గుండు బిట్టు వెనక కొడుతుంది. నిమిషానికి నాలుగయిదు వేల దెబ్బలే కానీ ఒక్కొక్కటి బరువైన దెబ్బ. దెబ్బ బలాన్ని జౌళ్లలో రాస్తారు. మన 'పని, శక్తి' పాఠంలో స్థితిశక్తికి సూత్రం ఉంది కదా. ఒక కిలో రాయిని 20 సెంటీమీటర్ల ఎత్తు నుండి వదిలితే 1 × 10 × 0.2, అంటే 2 జౌళ్లు. 2 జౌళ్ల రోటరీ హ్యామరు అంటే అంత దెబ్బను సెకనుకు 70 సార్లకు పైగా వేస్తుందన్న మాట. పాఠం చదివినప్పుడు ఈ సూత్రం పరీక్షకు మాత్రమే అనుకున్నాను, మిషను డబ్బా మీద జౌళ్లు అని చూసి భలే సంతోషమైంది.

దీని బిట్లు కూడా వేరు. వెనక భాగం గుండ్రంగా 10 మిల్లీమీటర్ల మందంతో, గాడులతో ఉంటుంది. టక్కున తోస్తే పట్టుకుంటుంది, బిట్టు ముందుకూ వెనక్కూ కొంచెం కదులుతుంది. ఈ పద్ధతిని ఎస్‌డిఎస్ అంటారు. 1975లో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ తెచ్చింది. మామూలు చక్ బిట్టు దీనికి పట్టదు.

మీలో కొందరికి ఇది ఇంకా అర్థం కాకపోతే బోరు లారీని గుర్తు చేసుకోండి. మన దిక్కు అదే పెద్ద డ్రిల్లు. పైపు మెల్లగా తిరుగుతుంటుంది, కంప్రెసరు గాలితో కింద ఉన్న హ్యామరు బండను పొడుస్తుంటుంది, బూడిద రంగు పొడి పైకి ఎగజిమ్ముతుంది. తిరగడం ఒక్కటే అయితే ఆదోని గ్రానైటు బండలో ఒక్క అడుగు దిగడానికి ఎన్నాళ్లు పట్టేదో. రోటరీ హ్యామరు అంటే చేత్తో పట్టుకునే బోరు లారీ అనుకోండి.

మన దిక్కు గోడల గురించి ఒక ముఖ్యమైన మాట. పాత మట్టి మిద్దెల గోడలు రాళ్లు, మట్టి కలిపి కట్టినవి. పైన సున్నం పూసి ఉంటే లోపల ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ మట్టి ఉందో కనపడదు. మా అన్న చెప్పిన ఉపాయం ఏమంటే, రాలే పొడిని చూడాలి. ఎర్ర పొడి వస్తే ఇటుక. తెల్లగా, బూడిదగా సన్నపొడి వస్తే రాయి లేదా కాంక్రీటు. మట్టి రంగు పొడి వచ్చి బిట్టు మెత్తగా దిగిపోతే రాళ్ల సందున పడినామని అర్థం. ఆ సందులో ఏం బిగించినా నిలవదు. నాలుగు వేళ్ల పక్కకు జరిగి రాయిలోనే వేయాలి.

ఇంపాక్ట్ డ్రైవర్

ఇది పానా మీద సుత్తి పని చేసేది. పొట్టిగా ఉంటుంది, మూతి సన్నగా ఉంటుంది. చక్ ఉండదు, ఆరు మూలల బెజ్జం ఉంటుంది, కాలు అంగుళం బిట్టు పెట్టాలి. క్లచ్చు ఉంగరం సాధారణంగా ఉండదు. స్క్రూ సులభంగా పోతున్నంతసేపు ఊరికే తిరుగుతుంది. ఎదురు బలం పెరగగానే లోపలి సుత్తి వెనక్కి జరిగి, తిరిగే దిక్కుకు దెబ్బ వేస్తుంది. నిమిషానికి 3,000 దాకా దెబ్బలు. అందుకే పొడుగాటి స్క్రూలు, రేకుల బోల్టులు సులభంగా దిగుతాయి.

ఇక్కడ న్యూటన్ మూడో నియమం పని చేస్తుంది. డ్రిల్ డ్రైవరు బిట్టు ఇనుములో ఇరుక్కుంటే బిట్టు ఆగిపోతుంది, మిషను ఎదురు తిరిగి మన మణికట్టును మెలి తిప్పుతుంది. ఇంపాక్ట్ డ్రైవరులో బలం చిన్న చిన్న దెబ్బలుగా పోతుంది కాబట్టి చేతికి ఆ మెలిక అంతగా రాదు. సన్న చేతులవాళ్లు కూడా పట్టుకోవచ్చు. అయితే చిన్న స్క్రూలకు, ప్లాస్టిక్కుకు ఇది పనికిరాదు, పగలగొడుతుంది.

దీని పెద్దన్న ఇంపాక్ట్ రెంచి. దానికి నాలుగు పలకల మూతి, టైరు నట్లు విప్పడానికి.

కాకా మిషను వృథా కాలేదు. ఇప్పుడు రేకుల షెడ్లు వేసేవాళ్లతో పోతున్నాడు. రేకు స్క్రూలకు ఆ మిషను బ్రహ్మాండంగా పని చేస్తుంది. గోడ పని వచ్చినప్పుడు రోటరీ హ్యామరు రోజు బాడుగకు తెచ్చుకుంటాడు. బాడుగ పోను మిగిలేది తక్కువ. అందుకే కాకీ ఈసారి కూడా సుగ్గికి పోయింది.

అంగట్లో మోసపోకుండా ఉండాలంటే పేరును పూర్తిగా చదవాలి. 'ఇంపాక్ట్ డ్రిల్' అంటే హ్యామర్ డ్రిల్లు, ముందుకు పొడిచేది. 'ఇంపాక్ట్ డ్రైవర్' అంటే పక్కకు కొట్టేది. చివరి మాటే అసలు మాట. బాష్ మిషన్ల మీదైతే అక్షరాలు ఉంటాయి. జిఎస్ఆర్ అంటే డ్రిల్ డ్రైవర్, జిఎస్‌బి అంటే హ్యామర్ డ్రిల్లు, జిడిఆర్ అంటే ఇంపాక్ట్ డ్రైవర్, జిబిహెచ్ అంటే రోటరీ హ్యామర్. చదువు రానివాళ్లు సుత్తి బొమ్మ చూడవచ్చు, మూతి చూడవచ్చు. మా కాకీకి నేను మూతులు గీసి చూపించినాను, ఇప్పుడు ఆమె దూరం నుండే చెబుతుంది.

వోల్టుల లెక్క

'ఎక్కువ వోల్టులు ఉంటే ఏ గోడకైనా కొడతాది' అని కొందరు అంటారు. అది తప్పు. 18 వోల్టుల డ్రిల్ డ్రైవరు రాతిని ఏమీ చేయలేదు, 12 వోల్టుల చిన్న రోటరీ హ్యామరు అదే రాతికి మెల్లగానైనా బెజ్జం వేస్తుంది. ముందు గోడను చూసి రకం తేల్చుకోవాలి. వోల్టులు ఆ తర్వాత.

లిథియం అయాన్ సెల్లు ఒక్కొక్కటి 3.6 వోల్టులు. అయిదు సెల్లులు వరసగా కలిపితే 18. కొన్ని కంపెనీలు 20 వోల్టులు మ్యాక్స్ అని రాస్తాయి. అవి కూడా అయిదు సెల్లులే. నిండా చార్జి అయినప్పుడు ఉండే ఎక్కువ వోల్టేజిని రాస్తారు. అట్లనే 12 మ్యాక్స్ అంటే మూడు సెల్లులు, అసలు 10.8. పేరు చూసి 20 పెద్దదని ఎక్కువ డబ్బులివ్వకండి.

ఎంతసేపు నడుస్తుందనేది ఆంపియర్ అవర్ చెబుతుంది. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ అయితే 18 × 2 = 36 వాట్ అవర్లు. మిషను 300 వాట్లు లాగుతుంటే 36 ÷ 300 = 0.12 గంట, అంటే ఏడు నిమిషాలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఒక్క బెజ్జానికి అర నిమిషం చాలదా? కరెంటు పోయినా పని ఆగదు, అది పెద్ద లాభం.

పాత మిషన్లలో నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. బరువు ఎక్కువ, కాడ్మియం విషం. లిథియం అయాన్ బ్యాటరీలను 1991లో సోనీ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. వాటికి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన దిక్కు ఎండలకు వీటిని మిద్దె మీద, బండి మీద వదలకూడదు. వేడిగా ఉన్నప్పుడు చార్జింగు పెట్టకూడదు. చచ్చిపోయిన బ్యాటరీని చెత్తలో వేసి కాల్చితే పేలుతుంది.

ఆదోని పిల్లలకు ఇంకొక మాట. మనది పత్తి ఊరు. జిన్నింగు మిల్లుల్లో దూది నుసి గాలిలో ఎగురుతుంటుంది. పాత రకం మోటార్లలో కార్బను బ్రష్షులు రాసుకుని సన్న నిప్పురవ్వలు వస్తాయి, మిషను పక్క సందుల్లో చూస్తే నీలంగా కనిపిస్తాయి. దూది దగ్గర అది ప్రమాదం. కొత్త బ్రష్‌లెస్ మోటార్లలో ఆ రాపిడి లేదు. అయినా కాలిన బిట్టు కూడా దూదిని అంటించగలదు కాబట్టి, ముందు నుసి ఊడ్చి, మేస్త్రీని అడిగి, నీళ్లు దగ్గర పెట్టుకునే పని చేయాలి.

మన బాత్రూము గడియలు

ఇది రాయాలా వద్దా అని ఆలోచించినాను. మేడం ఏమీ అనుకోరని రాస్తున్నాను, ఎందుకంటే ఇది కూడా ఈ పాఠమే.

మన బాత్రూముల్లో మూడింటికి లోపల గడియ నిలవదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. ఆరో తరగతి చెల్లెళ్లు రాత్రి పోవడానికి భయపడి సాయంత్రం నుండే నీళ్లు తాగడం మానేస్తున్నారు. కడుపులో మంట అని ఇద్దరు ఏఎన్ఎం అక్క దగ్గరికి పోయినారు. మేడం రెండుసార్లు మనిషిని పిలిపించినారు. రెండుసార్లూ బిగించినాడు, పది రోజులకే ఊడింది. ఎందుకు?

తలుపు చట్రం కాంక్రీటుది. ఆయన తెచ్చింది డ్రిల్ డ్రైవర్, సుత్తి బొమ్మ లేనిది. నేను చూసినాను. బెజ్జం అర అంగుళం కూడా దిగలేదు. అందులో అగ్గిపుల్లలు కుక్కి స్క్రూ తిప్పినాడు. తడికి అగ్గిపుల్ల ఉబ్బి, ఎండి, కుళ్లి వదులైపోతుంది.

కాంక్రీటులో స్క్రూ తనంతట తాను పట్టుకోదు. మధ్యలో ప్లగ్గు ఉండాలి. 1911లో ఇంగ్లండులో రాలింగ్స్ అనే ఆయన బ్రిటిష్ మ్యూజియం గోడలకు దీపాలు బిగించడానికి దీన్ని కనిపెట్టినాడు. మొదట్లో జనపనారను జంతువుల రక్తంతో అంటించి చేసేవాళ్లంట. ఇప్పుడు మనం చూసే ప్లాస్టిక్ రకాన్ని 1958లో జర్మనీలో ఆర్టూర్ ఫిషర్ చేసినాడు. స్క్రూ లోపలికి పోయే కొద్దీ ప్లగ్గు పక్కలకు ఉబ్బి గోడను పట్టుకుంటుంది.

కాబట్టి మన చట్రానికి రోటరీ హ్యామరు కావాలి, 6 మిల్లీమీటర్ల రాతి బిట్టు కావాలి. పాత బెజ్జం వెడల్పైపోయింది, దానికి రెండు వేళ్ల పైన కొత్తది వేయాలి. చట్రం అంచుకు మరీ దగ్గరైతే పెళ్ల ఊడుతుంది, కొంచెం లోపలికి జరపాలి. ప్లగ్గు పొడుగు కంటే కొంచెం ఎక్కువ లోతు వేసి, పొడిని ఊదేసి, ప్లగ్గు పెట్టి, తుప్పు పట్టని స్టీలు స్క్రూ బిగించాలి. తలుపు సంగతి వేరే. అది పివిసి, లోపల బోలు. దానికి హ్యామరు పెడితే పగులుతుంది. డ్రిల్ డ్రైవరుతో మెల్లగా ఆరపారా బెజ్జం వేసి నట్టు, బోల్టు వేయాలి. ఒకే గడియకు రెండు మిషన్లు! మూడు తలుపులకు కలిపి ప్లగ్గులు 6, స్క్రూలు 6, నట్టుబోల్టులు 12 చాలు. ఈసారి మనిషి వచ్చినప్పుడు ముందుగా 'రోటరీ హ్యామరు తెచ్చినావా అన్నా' అని అడగమని మేడంకు మనవి. ఆయన ఒప్పుకుంటే బెజ్జాలకు గుర్తులు నేను పెడతాను, నట్టు అవతల పట్టుకుంటాను.

పట్టుకునే ముందు

జడను ముడి వేసుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి, గాజులు తీయాలి. తిరిగే బిట్టుకు ఒక్క దారం చుట్టుకున్నా చెయ్యి లాగేసుకుంటుంది. వదులు చేతి తొడుగులు కూడా వద్దు. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. రాతి పొడి పీల్చకూడదు, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. ఏండ్ల తరబడి రాతి పొడి పీల్చిన కంకర మిల్లు, క్వారీ కూలీలకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, అది నయం కాదు. స్విచ్చి బోర్డుకు నేరుగా పైన, నేరుగా కింద బెజ్జం వేయకండి, లోపల వైర్లు పోయి ఉంటాయి. బిట్టు మార్చేటప్పుడు బ్యాటరీ ఊడదీయాలి.

ఇప్పుడు ప్రశ్నలు. జవాబులు కాగితం మీద రాసి శనివారం లోపల గోడపత్రిక పెట్టెలో వేయండి.

1. 12 వోల్టులు మ్యాక్స్, 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలో అసలు ఎన్ని వాట్ అవర్లు ఉంటాయి? (24 అని రాసినవాళ్లు వోల్టుల లెక్క మళ్లీ చదవండి.)

2. 1.5 జౌళ్ల దెబ్బ రావాలంటే ఒక కిలో రాయిని ఎంత ఎత్తు నుండి వదలాలి?

3. మన హాలులో ఇటుక గోడకు కొత్త బోర్డు తగిలించాలి, మంచాల బోల్టులు బిగించాలి, వంటగది నాపరాతి అరుగుకు పైపు క్లిప్పు వేయాలి. ఏ పనికి ఏ మిషను? ఎందుకో కూడా రాయాలి. ఊరికే పేరు రాస్తే మార్కు లేదు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని